భూకంప సమయంలో రక్షణ

భూకంపం సంభవించినపుడు ప్రాణాపాయం నుండి, గాయాల నుండి తప్పించుకొనుటకు ప్రజలు పాటించవలసిన జాగ్రత్తలను భూకంప రక్షణ చర్యలు అంటారు. ఇవి మూడు దశలుగా ఉంటాయి. మొదటిది భూకంపం రాకముందే ఇంటిని, కుటుంబాన్ని సిద్ధం చేసుకోవడం. రెండవది నేల కంపిస్తున్న కొద్ది సెకన్లలో శరీరాన్ని కాపాడుకోవడం. మూడవది ప్రకంపనలు ఆగిన తరువాత అగ్నిప్రమాదాలు, అనంతర ప్రకంపనలు వంటి వాటి బారిన పడకుండా ఉండడం.

తుఫాను, వరద వంటి విపత్తులకు కొన్ని గంటలో, కొన్ని రోజులో ముందుగా హెచ్చరిక లభిస్తుంది. భూకంపానికి అటువంటి వ్యవధి ఉండదు. ఆ సమయంలో ఆలోచించి నిర్ణయం తీసుకొనే అవకాశం దాదాపు లేదు. కనుక తాము నివసించే ఇల్లు ఎటువంటిది, అందులో ఎక్కడ తలదాచుకోవచ్చు, ఎటు వెళ్ళవచ్చు అన్న విషయాలను ముందే తెలుసుకొని ఉండడం ఈ రక్షణ చర్యలన్నిటికీ మూలం.

ప్రాణహానికి కారణాలు

భూకంపాలలో నేల కంపించడం వలన నేరుగా మరణించేవారు చాలా అరుదు. కూలిన గోడలు, పైకప్పులు, మీద పడిన వస్తువులు, పగిలిన గాజు, మంటలు, కొండచరియలు, సునామీలు మరణాలకు ప్రధాన కారణాలు. అందువలన ఒకే పరిమాణం గల రెండు భూకంపాలు వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు నష్టాన్ని కలిగిస్తాయి. నష్టం భూకంప పరిమాణం మీదనే కాక భూకంప నాభి లోతు, దూరం, నేల స్వభావం, కట్టడాల దృఢత్వం, సంభవించిన వేళ మీద కూడా ఆధారపడుతుంది.

భూకంప పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. భూకంప నాభి నుండి బయలుదేరే తరంగాలలో ప్రాథమిక తరంగాలు వేగవంతమైనవి. ఇవి భూపటలంలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. వీటి వెనుక వచ్చే ద్వితీయ తరంగాల వేగం సెకనుకు సుమారు 3.5 కిలోమీటర్లు. ద్వితీయ తరంగాలు, వాటి తరువాత వచ్చే ఉపరితల తరంగాలు నేలను ప్రక్కలకు బలంగా ఊపుతాయి. కట్టడాలకు ఎక్కువ నష్టం కలిగించేవి ఇవే. మొదట ఒక చిన్న కుదుపు, తరువాత పెద్ద ఊపు వచ్చినట్లు అనేకులు చెప్పడానికి కారణం ఈ వేగాల తేడాయే. భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్నవారికి ఈ రెండిటి మధ్య ఒకటి రెండు సెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నవారికి పది సెకన్ల వరకు లభించవచ్చు.

బలమైన ప్రకంపనలు సాధారణంగా కొన్ని సెకన్ల నుండి ఒక నిమిషం వరకు ఉంటాయి. చాలా పెద్ద భూకంపాలలో అంతకన్నా ఎక్కువసేపు ఉండవచ్చు. ఆ సమయంలో నిలబడడం, నడవడం కష్టమవుతుంది. పరుగెత్తేవారు పడిపోయి గాయపడడం, మెట్ల మీద తొక్కిసలాట జరగడం, గడప దాటుతుండగా పిట్టగోడలు, సజ్జలు మీద పడడం తరచుగా జరుగుతాయి.

గత భూకంపాలు నేర్పిన విషయాలు

కిల్లారి, 1993: సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో 6.2 పరిమాణంతో భూకంపం వచ్చింది. ఎనిమిది వేల నుండి పదివేల మంది వరకు మరణించారు. ఆ ప్రాంతంలోని ఇళ్ళు మట్టితో పేర్చిన మందమైన రాతి గోడలతో, వేసవి తాపం తగలకుండా దళసరిగా మట్టి పరచిన పైకప్పులతో ఉండేవి. ఈ గోడలలో రాళ్ళను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే బంధం లేకపోవడంతో ఊపుకు గోడలు విడిపోయి, నిద్రలో ఉన్నవారి మీద పైకప్పు బరువంతా పడింది. అప్పటి భూకంప మండలాల పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉండేది. తక్కువ ప్రమాదం అంటే ప్రమాదం లేదని అర్థం కాదని ఈ భూకంపం నిరూపించింది.

కచ్, 2001: జనవరి 26వ తేదీ ఉదయం 8 గంటల 46 నిమిషాలకు గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో 7.7 పరిమాణంతో వచ్చిన భూకంపంలో 13,800 మందికి పైగా మరణించారు. అంజార్ పట్టణంలో గణతంత్ర దినోత్సవ ఊరేగింపులో నడుస్తున్న విద్యార్థులు, ఉపాధ్యాయులు ఆ సమయానికి ఒక ఇరుకు వీధిలో ఉన్నారు. రెండు వైపులా ఉన్న కట్టడాలు కూలడంతో వారిలో సుమారు రెండు వందల మంది మరణించారు. వారు ఆరుబయటనే ఉన్నారు కాని ఖాళీ స్థలంలో లేరు. భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న అహమ్మదాబాదులో కూడా అనేక బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. వాటిలో చాలావాటికి క్రింది అంతస్తులో వాహనాలు నిలుపుటకు గోడలు లేకుండా స్తంభాలు మాత్రమే ఉండేవి.

నేపాల్, 2015: ఏప్రిల్ 25వ తేదీ మధ్యాహ్నానికి కొద్ది ముందు 7.8 పరిమాణంతో వచ్చిన భూకంపంలో సుమారు 9,000 మంది మరణించారు. వేలాది తరగతి గదులు నేలమట్టమయ్యాయి. ఆ రోజు శనివారం, అక్కడ పాఠశాలలకు సెలవు. పని దినమైతే మృతుల సంఖ్య ఎంతో పెరిగి ఉండేది. మే 12వ తేదీన 7.3 పరిమాణంతో మరొక ప్రకంపన వచ్చి, అప్పటికే బలహీనపడిన కట్టడాలను కూల్చింది.

తెలుగు రాష్ట్రాలలో భూకంపాలు

దక్కను పీఠభూమి స్థిరమైన ప్రాంతమైనా భూకంపాలు అసలు రాని ప్రాంతం కాదు. 1967 మార్చి 27న ఒంగోలు పరిసరాలలో, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం పరిసరాలలో ఐదుకు పైబడిన పరిమాణం గల భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో వచ్చిన భూకంపం ఖమ్మం, వరంగల్లు, హైదరాబాదు, విజయవాడ ప్రాంతాలలో కూడా తెలిసింది. ప్రాణనష్టం జరుగలేదు.

2002లో సవరించిన పటంలో దేశాన్ని రెండు నుండి ఐదు వరకు నాలుగు భూకంప మండలాలుగా విభజించారు. అందులో హైదరాబాదు తక్కువ ప్రమాదం గల రెండవ మండలంలోను, భద్రాచలం, విజయవాడ, ఒంగోలు ఒక మాదిరి ప్రమాదం గల మూడవ మండలంలోను ఉన్నాయి.

ప్రకంపనలు వస్తున్నప్పుడు

వంగుట, దాగుట, పట్టుకొనుట

దృఢమైన కట్టడంలో ఉన్నవారికి అనేక దేశాల విపత్తు నిర్వహణ సంస్థలు సూచించే విధానం ఇది.

* వంగుట: నేల ఊపు పడదోయక ముందే మోకాళ్ళ మీద, చేతుల మీద వంగాలి. ఈ స్థితిలో పడిపోయే ప్రమాదం తగ్గుతుంది, అవసరమైతే ప్రాకుతూ కొద్ది దూరం జరుగవచ్చు.
* దాగుట: ఒక చేతితో తలను, మెడను కప్పుకొని దగ్గరలో ఉన్న గట్టి బల్ల క్రిందికి చేరాలి. బల్ల లేకపోతే కిటికీలకు, బీరువాలకు దూరంగా, గదిలోని లోపలి గోడ ప్రక్కన వంగి రెండు చేతులతో తలను, మెడను కప్పుకోవాలి.
* పట్టుకొనుట: బల్ల క్రింద ఉన్నవారు దాని కాలిని ఒక చేతితో గట్టిగా పట్టుకోవాలి. ఊపుకు బల్ల జరిగితే దానితోపాటు తామూ జరగాలి. ప్రకంపనలు పూర్తిగా ఆగేవరకు అలాగే ఉండాలి.

బయటికి పరుగెత్తడం

కంపనం తెలియగానే బయటికి పరుగెత్తాలా, లోపలే ఉండాలా అన్న ప్రశ్నకు అన్ని ఇళ్ళకూ ఒకే సమాధానం లేదు. స్తంభాలు, దూలాలతో నియమాల ప్రకారం కట్టిన కాంక్రీటు భవనాలు పగుళ్ళు బారినా ఒక్కసారిగా కూలే అవకాశం తక్కువ. పై అంతస్తులలో ఉన్నవారు క్రిందికి దిగేలోపే ప్రకంపనలు ముగుస్తాయి. మెట్లు కట్టడంలోని బలహీనమైన భాగాలలో ఒకటి. కాబట్టి ఇటువంటి భవనాలలో ఉన్నవారు లోపలే ఉండి తలను కాపాడుకోవాలి.

మట్టి గోడలు, మట్టితో పేర్చిన రాతి గోడలు, బరువైన పైకప్పు గల ఇళ్ళ విషయం వేరు. ఇవి కొద్ది సెకన్లలోనే కూలవచ్చు, బల్ల కూడా ఆ బరువును ఆపలేకపోవచ్చు. ఇటువంటి ఇంట్లో నేల మీద ఉన్న గదిలో, తెరచి ఉన్న తలుపుకు అతి దగ్గరగా ఉండి, బయట వెంటనే ఖాళీ స్థలం ఉన్నట్లయితే తలను చేతులతో కప్పుకొని బయటపడడం మంచిది. బయట ఇరుకు సందు, ఎత్తైన ప్రహరీ గోడ ఉంటే ఈ సూచన వర్తించదు. అంజార్ వీధిలో జరిగినది దీనికి ఉదాహరణ. తలుపుకు దూరంగా ఉన్నవారు కూడా పరుగెత్తకుండా, దొరికిన ఆశ్రయం క్రింద తలను కాపాడుకోవాలి. తమ ఇల్లు ఈ రెండు రకాలలో దేనికి చెందినదో ఇంటివారందరికీ ముందే తెలిసి ఉండాలి.

వివిధ ప్రదేశాలలో

* పడక మీద ఉంటే: పైన బరువైన వస్తువులు లేనట్లయితే పడక మీదనే బోర్లా పడుకొని దిండుతో తలను, మెడను కప్పుకోవాలి. చీకటిలో దిగి నడిచేవారి పాదాలకు పగిలిన గాజు గుచ్చుకుంటుంది.
* వంటగదిలో ఉంటే: పొయ్యి చేతికి అందే దూరంలో ఉంటే ఆర్పివేసి, మరుగుతున్న నూనె, పాలు, గంజి వంటి వాటికి దూరంగా జరగాలి. దూరంలో ఉన్న పొయ్యి కోసం పరుగెత్తరాదు, ఊపు ఆగిన వెంటనే ఆర్పాలి.
* పాఠశాలలో ఉంటే: విద్యార్థులు తమ బల్లల క్రింద దాగాలి. బల్లలు లేని తరగతిలో పుస్తకాల సంచిని తల మీద పెట్టుకొని, కిటికీలకు దూరంగా వంగి కూర్చోవాలి. ప్రకంపనలు ఆగిన తరువాత ఉపాధ్యాయుల వెంట వరుసగా మైదానంలోకి వెళ్ళాలి.
* సినిమా హాలు, కల్యాణ మండపం, దేవాలయం వంటి చోట్ల: ద్వారాల వైపు ఒక్కుమ్మడిగా తోసుకొని వెళ్ళరాదు. కుర్చీల వరుసల మధ్య వంగి తలను కప్పుకోవాలి.
* లిఫ్టులో ఉంటే: అన్ని అంతస్తుల మీటలు నొక్కి, లిఫ్టు మొదట ఆగిన చోట దిగిపోవాలి. ప్రకంపనల సమయంలోను, తరువాత తనిఖీ జరిగే వరకు లిఫ్టు ఎక్కరాదు.
* ఆరుబయట ఉంటే: భవనాలు, విద్యుత్ స్తంభాలు, తీగలు, హోర్డింగులు, నీళ్ళ ట్యాంకులు, పెద్ద చెట్లకు దూరంగా ఖాళీ స్థలంలోకి వెళ్ళాలి.
* వాహనంలో ఉంటే: వేగం తగ్గించి రోడ్డు ప్రక్కన ఆపి లోపలే ఉండాలి. వంతెనలు, ఫ్లైఓవర్ల మీద గాని వాటి క్రింద గాని ఆపరాదు. ద్విచక్ర వాహనం మీద ఉన్నవారు దిగి, శిరస్త్రాణం తీయకుండా ఖాళీ స్థలంలో కూర్చోవాలి.
* చక్రాల కుర్చీలో ఉన్నవారు: చక్రాలు కదలకుండా బ్రేకు వేసి, ముందుకు వంగి తలను, మెడను చేతులతో గాని దిండుతో గాని కప్పుకోవాలి.
* కొండ వాలులలో ఉంటే: చరియలు, రాళ్ళు దొర్లిపడే మార్గం నుండి ప్రక్కకు తొలగాలి.

సముద్రతీరంలో

తీరంలో ఉన్నవారికి బలమైన ప్రకంపనలు గాని, మెల్లగా అయినా ఎక్కువసేపు కొనసాగే ప్రకంపనలు గాని తెలిస్తే అదే సునామీ హెచ్చరికగా భావించి వెంటనే ఎత్తైన ప్రదేశానికి లేదా తీరానికి దూరంగా వెళ్ళాలి. సముద్రం అకస్మాత్తుగా వెనుకకు తగ్గడం కూడా ప్రమాద సూచన. అప్పుడు చూడడానికి గాని, చేపలు, గవ్వలు ఏరుకోవడానికి గాని ముందుకు వెళ్ళరాదు. సునామీలో ఒకే అల ఉండదు. మొదటి అల తరువాత వచ్చేవి ఇంకా పెద్దవి కావచ్చు.

2004 డిసెంబరు 26న సుమత్రా దీవి వద్ద 9.1 పరిమాణంతో వచ్చిన భూకంపం వలన పుట్టిన సునామీ రెండు గంటలు దాటిన తరువాత భారతదేశపు తూర్పు తీరాన్ని తాకింది. ఆంధ్ర ప్రదేశ్ తీరంలో వందమందికి పైగా మరణించారు. అంత వ్యవధి ఉన్నా హెచ్చరించే వ్యవస్థ అప్పుడు లేదు. 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది.

ప్రకంపనలు ఆగిన తరువాత

మొదట తమకు గాయాలు తగిలాయేమో చూసుకొని, చెప్పులు లేదా బూట్లు తొడుక్కొని, తరువాత ఇంట్లోనివారిని, ఇరుగుపొరుగువారిని చూడాలి. భూకంపం తరువాత మొదటి గంటలలో శిథిలాల నుండి బయటపడేవారిలో ఎక్కువమందిని రక్షించేది చుట్టుప్రక్కలవారే. సహాయక దళాలు చేరడానికి సమయం పడుతుంది.

* గ్యాస్ బండ వాల్వును మూసివేయాలి. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయరాదు, విద్యుత్ స్విచ్చులు వేయడం గాని తీయడం గాని చేయరాదు. కిటికీలు, తలుపులు తెరచి బయటికి వెళ్ళాలి.
* గ్యాస్ వాసన లేకపోతే, తీగలు తెగినట్లు అనుమానం ఉన్నచోట విద్యుత్ మెయిన్ స్విచ్ ఆపాలి. తెగిపడిన తీగలను, వాటికి ఆనుకొని ఉన్న నీటిని తాకరాదు.
* పగుళ్ళు బారిన, ఒరిగిన ఇంటి నుండి మెట్ల మీదుగా జాగ్రత్తగా బయటికి రావాలి. నిపుణులు చూసేవరకు మరల లోపలికి వెళ్ళరాదు.
* తల, మెడ, వెన్ను గాయాలు తగిలినవారిని మరింత ప్రమాదం ఉంటే తప్ప కదపరాదు. రక్తస్రావం అవుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.
* ఫోనులో ఎక్కువసేపు మాట్లాడరాదు. క్షేమంగా ఉన్నట్లు సంక్షిప్త సందేశం పంపితే చాలు. అత్యవసర సహాయానికి 112 సంఖ్యకు ఫోను చేయాలి.
* ఫలానా గంటకు మళ్ళీ పెద్ద భూకంపం వస్తుందన్న వదంతులను నమ్మరాదు, ఇతరులకు పంపరాదు.

మంటల ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేయరాదు. 1923 సెప్టెంబరు 1న జపాన్‌లోని టోక్యో, యోకొహామా నగరాలను నాశనం చేసిన కాంతో భూకంపం మధ్యాహ్న భోజనాలకు వంటలు జరుగుతున్న వేళ వచ్చింది. లక్షకు పైగా మరణించగా, వారిలో అత్యధికులు మంటలకు ఆహుతి అయినవారే. జపాన్‌లో సెప్టెంబరు 1వ తేదీని విపత్తు నివారణ దినంగా పాటిస్తూ విన్యాసాలు జరుపుతారు.

పెద్ద భూకంపం తరువాత రోజులు, నెలల తరబడి అనంతర ప్రకంపనలు వస్తాయి. 2023 ఫిబ్రవరి 6న టర్కీ, సిరియా ప్రాంతంలో 7.8 పరిమాణం గల భూకంపం వచ్చిన సుమారు తొమ్మిది గంటలకే 7.5 పరిమాణంతో మరొకటి వచ్చింది. సామాను తెచ్చుకొనుటకు దెబ్బతిన్న ఇంటిలోకి వెళ్ళడం ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి తెలుస్తుంది.

శిథిలాలలో చిక్కుకుంటే

అగ్గిపుల్ల వెలిగించరాదు. ధూళి లేవకుండా వీలైనంత తక్కువగా కదలాలి, ముక్కుకు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. గొట్టాన్ని గాని గోడను గాని ఆగి ఆగి కొడుతూ, లేదా ఈల వేస్తూ తామున్న చోటు తెలియజేయాలి. అరవడం వలన శక్తి తగ్గిపోతుంది, ధూళి ఊపిరితిత్తులలోకి పోతుంది. మనుషుల అలికిడి దగ్గరలో వినిపించినపుడు మాత్రమే అరవాలి. కాళ్ళు, చేతులు చాలాసేపు బరువు క్రింద నలిగినవారికి, బరువు తొలగించగానే దెబ్బతిన్న కండరాలలోని పదార్థాలు రక్తంలో కలిసి గుండెకు, మూత్రపిండాలకు హాని చేయవచ్చు. కనుక అటువంటివారిని వైద్య సిబ్బంది సమక్షంలో బయటికి తీయడం మంచిది.

ప్రచారంలో ఉన్న అపోహలు

* గుమ్మం క్రింద నిలబడడం: పాతకాలపు మట్టి ఇళ్ళలో గోడలు కూలినా ద్వారబంధాలు నిలిచి ఉన్న దృశ్యాల వలన ఈ సలహా వ్యాపించింది. నేటి ఇళ్ళలో గుమ్మం ఇతర భాగాల కంటే దృఢమైనది కాదు. ఊగిసలాడే తలుపు వలన గాయాలు కూడా కావచ్చు.
* బల్ల క్రింద కాక ప్రక్కన పడుకోవడం: కూలిన పైకప్పు బల్లకు ఆనుకొని, దాని ప్రక్కన త్రికోణాకారపు ఖాళీ ఏర్పడుతుందన్న వాదన ఈ-మెయిళ్ళ ద్వారా విస్తృతంగా ప్రచారమైంది. భూకంపంలో వస్తువులు ప్రక్కలకు జరుగుతాయి కనుక ఆ ఖాళీ ఎక్కడ ఏర్పడుతుందో ముందుగా చెప్పలేము. బరువైన బీరువా ప్రక్కన పడుకుంటే అది మీద పడవచ్చు. భూకంప నిపుణులు, అమెరికన్ రెడ్ క్రాస్ వంటి సంస్థలు ఈ వాదనను అంగీకరించలేదు.
* భూకంపాన్ని ముందుగా చెప్పవచ్చుననుకోవడం: ఒక భూకంపం ఏ రోజున, ఎక్కడ, ఎంత పరిమాణంతో వస్తుందో చెప్పగల శాస్త్రీయ పద్ధతి లేదు. 1975లో చైనాలోని హైచెంగ్‌లో ముందుగా వచ్చిన చిన్న ప్రకంపనల ఆధారంగా ప్రజలను తరలించగలిగారు. మరుసటి సంవత్సరం తాంగ్‌షాన్‌లో ఎటువంటి హెచ్చరిక లేకుండా వచ్చిన భూకంపంలో రెండు లక్షలకు పైగా మరణించారు.
* చిన్న భూకంపాలు పెద్ద దానిని నివారిస్తాయనుకోవడం: ఒక పెద్ద భూకంపపు శక్తి విడుదల కావాలంటే వేలాది చిన్న భూకంపాలు రావాలి. కనుక ఈ నమ్మకానికి ఆధారం లేదు.

ముందస్తు హెచ్చరిక

భూకంప జోస్యానికి, ముందస్తు హెచ్చరికకు తేడా ఉంది. భూకంపం మొదలైన తరువాత కేంద్రానికి దగ్గరలోని పరికరాలు ప్రాథమిక తరంగాలను గుర్తించి, బలమైన తరంగాలు చేరకముందే దూర ప్రాంతాలకు సమాచారం పంపుతాయి. దీని వలన కొన్ని సెకన్లు, దూరాన్ని బట్టి కొన్ని పదుల సెకన్లు లభించవచ్చు. జపాన్‌లో ఇటువంటి వ్యవస్థ 2007 నుండి ప్రజలందరికీ అందుబాటులో ఉంది. భారతదేశంలో 2021లో ఉత్తరాఖండ్ రాష్ట్రంలో మొబైల్ ఫోను ద్వారా హెచ్చరించే ఏర్పాటు ప్రారంభమైంది. హెచ్చరిక అందినపుడు దొరికే ఆ కొద్ది సెకన్లు వంగి దాగడానికి చాలు. కేంద్రానికి మరీ దగ్గరలో ఉన్నవారికి మాత్రం హెచ్చరిక కంటే ముందే ఊపు చేరుతుంది.

ముందు జాగ్రత్తలు

ఇంటిలో

ప్రతి గదిలో నిలబడి, ఈ గది బలంగా ఊగితే ఏది పడుతుంది, ఎవరి మీద పడుతుంది అని పరిశీలించడం మొదటి పని.

* బీరువాలు, పుస్తకాల అరలు, ఫ్రిజ్‌లను కొక్కేలతో లేదా పట్టీలతో గోడకు బిగించాలి.
* పడకకు పైన అరలు, బరువైన పటాలు, గడియారాలు ఉంచరాదు. పడకను గాజు కిటికీ ప్రక్కన వేయరాదు.
* అటక మీద ఇత్తడి గంగాళాలు, బిందెలు, పాత సామాను పేర్చడం వాడుక. బరువైనవాటిని క్రిందికి దించాలి.
* గ్యాస్ బండను నిలువుగా ఉంచి దొర్లకుండా గొలుసుతో బిగించాలి. పొయ్యికి, బండకు మధ్య ఉన్న గొట్టాన్ని గడువు దాటకముందే మార్చాలి.
* మిద్దె మీది నీళ్ళ ట్యాంకును, పిట్టగోడ మీది పూలకుండీలను కదలకుండా అమర్చాలి.
* తలుపులకు, మెట్లకు అడ్డంగా సామాను ఉంచరాదు.

కుటుంబంలో

ప్రతి గదిలో దాగవలసిన చోటును, బయట అందరూ కలుసుకోవలసిన ఖాళీ స్థలాన్ని నిర్ణయించుకోవాలి. వృద్ధులకు, పసిపిల్లలకు, నడవలేనివారికి ఎవరు సహాయం చేయాలో ముందే అనుకోవాలి. మెయిన్ స్విచ్, గ్యాస్ వాల్వు ఆపడం ఇంటిలోని పెద్దలందరికీ తెలిసి ఉండాలి. వేరే ఊరిలో ఉన్న ఒక బంధువు ఫోను సంఖ్యను పిల్లలతో సహా అందరూ కంఠస్థం చేయాలి. ఒక సంచిలో త్రాగునీరు, నిలువ ఉండే ఆహారం, టార్చిలైటు, ఈల, ప్రథమ చికిత్స సామగ్రి, రోజూ వాడే మందులు, కొంత నగదు, ముఖ్య పత్రాల నకళ్ళు సిద్ధంగా ఉంచాలి. పడక క్రింద చెప్పుల జత, టార్చిలైటు ఉంచడం మంచిది.

ఇంటి నిర్మాణంలో

అన్ని జాగ్రత్తలలోకి ముఖ్యమైనది ఇల్లు కూలకుండా కట్టుకోవడం. భూకంపాలను తట్టుకొనే నిర్మాణానికి భారతీయ ప్రమాణాల సంస్థ 1962లో మొదటిసారి నియమావళిని ప్రచురించింది. ఇటుక, రాతి కట్టడాలకు, కాంక్రీటు భవనాలకు వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయి.

* ఇటుక ఇళ్ళలో పునాది పైన, కిటికీలు, ద్వారాల పైన, పైకప్పు క్రింద గోడలన్నిటినీ చుట్టివచ్చేటట్లు ఇనుప కడ్డీలతో కాంక్రీటు పట్టీలు వేయాలి. ఇవి నాలుగు గోడలను ఒక పెట్టెవలె కలిపి ఉంచుతాయి.
* రాతి గోడలలో గోడ మందమంతా ఉండే పొడవైన రాళ్ళను మధ్యమధ్య అమర్చాలి. కిల్లారిలో కూలిన ఇళ్ళలో లోపించినది ఇటువంటి బంధమే.
* కాంక్రీటు స్తంభాలలో, ముఖ్యంగా పైన, క్రింద, ఇనుప రింగులను దగ్గర దగ్గరగా వేసి, వాటి కొనలను స్తంభం లోపలికి వంచాలి.
* క్రింది అంతస్తును వాహనాల కోసం ఖాళీగా వదిలినపుడు ఆ అంతస్తు స్తంభాలను ప్రత్యేకంగా బలపరచాలి, లేదా తగిన చోట్ల కాంక్రీటు గోడలు కట్టాలి.
* నిపుణుల సలహా లేకుండా ఉన్న ఇంటి మీద అంతస్తులు పెంచడం, గోడలు తొలగించడం, స్తంభాలను చెక్కడం చేయరాదు.

పాత ఇళ్ళను కూలగొట్టనవసరం లేకుండా పట్టీలు, కడ్డీలతో బలపరచే పద్ధతులు కూడా ఉన్నాయి. కిల్లారి భూకంపం తరువాత మహారాష్ట్రలో ఇటువంటి పనులు జరిగాయి.

అభ్యాసం

తెలిసిన విషయం కూడా భయంలో గుర్తుకు రాకపోవచ్చు. అలవాటైన కదలిక మాత్రం ఆలోచన లేకుండానే జరుగుతుంది. అందువలన పాఠశాలలలో, కార్యాలయాలలో, ఇళ్ళలో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా విన్యాసం చేయాలి. భారతదేశంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ఏర్పడిన జాతీయ, రాష్ట్ర, జిల్లా సంస్థలు ఇటువంటి విన్యాసాలను నిర్వహిస్తాయి. ఇంటిలో చేసే అభ్యాసానికి ఐదు నిమిషాలు చాలు. గంట కొట్టగానే అందరూ తామున్న గదిలో నిర్ణయించుకొన్న చోట దాగి, నిమిషం వరకు లెక్కపెట్టి, తరువాత చెప్పులు తొడుక్కొని, కలుసుకోవలసిన చోటికి రావాలి. రాత్రి దీపాలు ఆర్పి ఒకసారి, ఇంటి పెద్ద లేనపుడు ఒకసారి చేసి చూస్తే దారిలో అడ్డంగా ఉన్న సామాను, చేతికి అందని టార్చిలైటు, ఎవరికీ అప్పగించని పసిబిడ్డ వంటి లోపాలు భూకంపం రాకముందే బయటపడతాయి.